మెడ దగ్గర గడ్డ: లేదు

నా పని అడగడం. ఉదయగిరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో, కొండ కిందున్న మా ఊరికి నేను ఆశా కార్యకర్తను. పదమూడేళ్ళుగా ఇంటింటికీ తిరిగి ఒకే రకం ప్రశ్నలు అడుగుతున్నాను. రెండు వారాలు దాటిన దగ్గు ఉందా, సాయంత్రం పూట జ్వరం వస్తోందా, బరువు తగ్గారా, మెడ దగ్గర గడ్డ ఏమన్నా కనిపించిందా. చాలామంది చేస్తున్న పని ఆపకుండానే లేదంటారు. ఎవరు నిజంగా లేదంటున్నారో, ఎవరు నన్ను సాగనంపడానికి లేదంటున్నారో ముఖం చూస్తే తెలిసిపోతుందని గొప్పలు చెప్పుకునేదాన్ని. పోయిన నవంబరు నుంచి ఈ మే నెల దాకా నాకు జరిగింది చదివితే, ఆ గొప్ప ఏపాటిదో మీకే తెలుస్తుంది.

ఆరు నెలల మందుల్లో ఇంకో రెండు నెలలే మిగిలాయి. గడ్డ చింతగింజంత మిగిలింది. నొక్కినా నొప్పి లేదు, అయినా నొక్కొద్దని డాక్టరు చెప్పాడు కాబట్టి నొక్కడం లేదు. ఎవరికైనా పనికొస్తుందని ఇది రాస్తున్నాను. అంతకంటే ముందు, ఏది ముందు జరిగింది ఏది తర్వాత జరిగింది అని నేనే ఒకసారి వరసగా చూసుకోవాలని ఉంది.

నవంబరు, పంట పండుగ

పంట పండుగ ఆదివారం చర్చిలో పాట అందుకోబోయి నోరు తెరిస్తే ఎడమ దవడ కింద పట్టేసినట్టయింది. చెయ్యి పెట్టి చూసుకుంటే రేగ్గాయంత గడ్డ. ముట్టుకుంటే నొప్పి. నాకు వెంటనే గుర్తొచ్చింది అదే వైపు పుచ్చిపోయిన దవడ పన్ను. రెండేళ్ళుగా పీకించుకోవాలని వాయిదా వేస్తున్న పన్ను అది. పన్ను పుచ్చితే మెడలో బిళ్ళ కడుతుంది, కాలికి దెబ్బ తగిలితే గజ్జల్లో కడుతుంది, ఇది అందరికీ తెలిసిందే. నొప్పి ఉంది కాబట్టి భయం లేదని కూడా అనుకున్నాను. నొప్పి లేని గడ్డకే భయపడాలి అని ఊర్లో చెప్పి చెప్పి ఆ మాట నాకు జపంలాగా అయిపోయింది. సగం నిజమైన మాట మనిషిని ఎంత నిశ్చింతగా కూర్చోబెడుతుందో అప్పుడు నాకు తెలియదు.

ఇంటికొచ్చి ఉప్పు మూట కట్టి, పెనం మీద వేడిచేసి కాపడం పెట్టుకున్నాను. మూడు రోజులకు గడ్డ తగ్గకపోగా చుట్టూ ఎర్రబడింది. మా ఆయన ఏసురత్నం బేల్దారి మేస్త్రి. తమలపాకులు నమిలే అలవాటుంది, కాబట్టి సున్నం డబ్బీ ఎప్పుడూ జేబులోనే ఉంటుంది. సున్నం, బెల్లం కలిపి పట్టు వేస్తానన్నాడు. వద్దని చెప్పాల్సినదాన్ని నేనే. ఎన్ని ఇళ్ళలో ఆ పట్టు కడిగించి, వాళ్ళ అవ్వలతో తిట్లు తిన్నానో నాకు లెక్కలేదు. అయినా గడ్డం పైకెత్తి కూర్చున్నాను, ఆయన గోడకు పూత పూసినంత శ్రద్ధగా పూశాడు. పొద్దున కడిగితే తోలు ఊడొచ్చింది. లోపలి నొప్పి ఉన్నచోటే ఉంది, పైన కాలిన మంట అదనం.

ఆ నెలాఖరున మా కూతురు కీర్తన పురిటికి వచ్చింది. అప్పటికి ఏడో నెల. దానిది సంగంలో అత్తగారిల్లు. కాలవ కింద వరి, వాకిట్లోకే బస్సు, మా ఊరితో పోలిస్తే అన్నీ చేతికందే చోటు. అయినా తొలి కాన్పు పుట్టింట్లోనే అని వచ్చింది. గుమ్మంలో దాన్ని చూడగానే నా చెయ్యి నాకు తెలియకుండానే కొంగును మెడ చుట్టూ లాక్కుంది. ఎందుకు దాచానో ఆ క్షణంలో నన్ను అడిగితే చెప్పలేకపోయేదాన్ని.

డిసెంబరు

ఉదయగిరిలో మందుల షాపుకు వెళ్ళి పన్ను నొప్పికి మాత్రలు తెచ్చుకున్నాను. పదమూడేళ్ళు ఈ పనిలో ఉన్న మనిషికి ఏ మాత్ర అడగాలో తెలియదా. ఐదు రోజులు మింగాను. నొప్పి నిజంగానే తగ్గింది. గడ్డ మాత్రం తగ్గలేదు. రేగ్గాయ కాస్తా ఉసిరికాయంత అయింది, దాని పక్కనే చిన్నది ఇంకోటి లేచింది. నొప్పి ఉన్నన్నాళ్ళూ ధైర్యంగా ఉన్నదాన్ని నొప్పి పోయిన రోజు భయపడ్డాను. సాయంత్రం పూట ఒళ్ళు వెచ్చబడటం, జాకెట్టు వదులవడం కూడా అప్పుడే గమనించాను. ఇవన్నీ నేను ఊరిని అడిగే ప్రశ్నలే. ఒక్కొక్కటే వచ్చి నా ముందు నిలబడ్డాయి.

నాలుగు అడుగుల దూరంలో కూతురు మంచం మీద పడుకుని, కడుపు మీద చెయ్యి వేసుకుని ఫోన్ చూసుకుంటూ ఉండేది. టీబీ అని తేలితే దాన్ని ఇంట్లో ఉంచుకోవచ్చా, పుట్టబోయే బిడ్డను నేను ఎత్తుకోవచ్చా అన్నదే నా బెంగ. గడ్డల టీబీ ఊపిరితో అంటదు. నాకు తెలుసు. ట్రైనింగులో చెప్పారు, నేను ఊర్లో వంద సార్లు చెప్పాను. ఆ వంద సార్లూ నేను దాన్ని నమ్మి చెప్పానా, కాగితంలో ఉంది కాబట్టి చెప్పానా అని మొదటిసారి అనుమానం వచ్చింది.

మెడ దాచుకోవడం కష్టమేమీ కాలేదు. చలికాలం, ఆదివారం చర్చిలో ఎలాగూ ముసుగు వేసుకుంటాం. మిగతా రోజుల్లో కూడా ముసుగు తియ్యకుండా తిరిగేసరికి, మార్తమ్మకు ఈ మధ్య భక్తి ఎక్కువైందని స్త్రీల కూడికలో మెచ్చుకున్నారు. ఒకామె నన్ను ప్రార్థన కూడా చేయమంది. చేశాను.

ఆ నెలలోనే టీబీ సర్వే వచ్చింది. ఫోన్‌లో ప్రతి ఇల్లూ, ఇంట్లో ప్రతి మనిషీ, మనిషికి ఆరేడు ప్రశ్నలు. నేనెప్పుడూ మొదట మా ఇంటితోనే మొదలుపెడతాను. గడప దాటకుండా ఒక ఇల్లు పూర్తవుతుంది. ఏసురత్నం, అన్నీ లేదు. కీర్తన, అన్నీ లేదు. తర్వాత నా పేరు వచ్చింది. దగ్గు: లేదు. అది నిజం. జ్వరం: లేదు. బరువు తగ్గడం: లేదు. మెడ దగ్గర గడ్డ. ఎడమ చేత్తో గడ్డను పట్టుకునే ఉన్నాను. కుడి చేతి బొటనవేలితో ‘లేదు’ నొక్కాను. ఫోన్ పచ్చ టిక్కు పెట్టి తర్వాతి ఇంటికి తీసుకెళ్ళింది.

ఒకసారి పంపిన జవాబు మళ్ళీ విడత దాకా మారదు. అది తెలిసే నొక్కాను.

జనవరి, ఆత్మకూరు

కొత్త సంవత్సరం ఆరాధన అయ్యాక ఇక ఆగలేననిపించింది. ఉదయగిరి ఆసుపత్రికి వెళితే తలుపు దగ్గర అటెండరు దగ్గర్నుంచి లోపలి డాక్టరు దాకా అందరూ తెలిసినవాళ్ళే. అందుకని స్త్రీల కూడిక ఉందని ఇంట్లో చెప్పి ఆత్మకూరు బస్సెక్కాను. బస్టాండు దగ్గర ఒక ప్రైవేటు డాక్టరు పేరు విని ఉన్నాను. చీటీ రాయించుకుని, చివరి కుర్చీలో గోడకు ఆనుకుని కూర్చున్నాను. ఎదురుగా కూర్చున్న మనిషి తలెత్తి చూసింది. మా ఊరి రవణమ్మ.

రవణమ్మ గురించి చెప్పాలి. ఊర్లో పెద్ద సేద్యం వాళ్ళది, భర్త ఒకప్పుడు ప్రెసిడెంటు. మూడేళ్ళ కిందట ఆమెకు ఇదే జబ్బు. మెడలో గడ్డలు. నేను సర్వేకు వెళ్ళినప్పుడు కొంగు చుట్టుకుని లేదంది. నేను వాళ్ళ వాకిట్లో నిలబడి ‘కొంగు తియ్యమ్మా’ అన్నాను. ఆమె భర్త కోప్పడ్డాడు, ఆమె ఏడ్చింది, నేను కదల్లేదు. చివరికి ఆరు నెలలు రోజూ పొద్దున వాళ్ళ పెరటి గుమ్మం దగ్గరికి వెళ్ళి, ఆమె మాత్రలు మింగేదాకా చూసి వచ్చేదాన్ని. ముందు వాకిలి నుంచి వస్తే నలుగురికీ తెలుస్తుందని పెరటి దారి వాళ్ళే పెట్టారు. ఆమెకు నయమైంది. ఆ తర్వాత ఎదురుపడితే పలకరింపు తప్ప పెద్దగా మాటల్లేవు.

ఆరోజు ఆమె మోకాళ్ళ నొప్పులకు వచ్చింది. నన్ను, నా ముసుగును, ఆ చలికాలంలో చెమట పడుతున్న నా నుదుటిని కాసేపు చూసి, లేచి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది.

“కొంగు తియ్యి, మార్తమ్మా.”

గదిలో పది మంది ఉన్నారు. తీశాను. ఆమె చెయ్యి పెట్టి చూడలేదు, వంగి మాత్రం చూసింది. ఎన్నాళ్ళయిందని అడిగింది. రెండు నెలలన్నాను. నన్ను తిడుతుందనుకున్నాను, ఆ హక్కు ఆమెకుంది. ఆమె తిట్టకుండా నా చీటీ తీసుకుని నాకన్నా ముందున్న ఇద్దరితో మాట్లాడి నన్ను ముందుకు పంపించింది. పెద్దింటి మనిషి అడిగితే ఎవరు కాదంటారు. ఆ పెద్దరికం నాకు పనికొచ్చిన రోజు అదొక్కటే.

డాక్టరు చిన్నవాడు, నెమ్మదిగా మాట్లాడాడు. ఈ బిళ్ళలు ఒంట్లో ఎప్పుడూ ఉండేవేనని, ఏదన్నా రోగం లోపలికొస్తే దాన్ని అడ్డుకునే పనిలో ఉబ్బుతాయని, చాలావరకు మామూలు ఇన్ఫెక్షన్‌తో నొప్పిపుట్టి రెండు మూడు వారాల్లో వాటంతటవే సర్దుకుంటాయని చెప్పాడు. సర్దుకోనప్పుడు కారణం వెతకాలన్నాడు. కాలిన మచ్చ చూసి ఇదేంటన్నాడు. సున్నమన్నాను. మీరేం చేస్తుంటారని అడిగాడు. ఇంటి పని అన్నాను. పక్కన నిలబడిన రవణమ్మ నా వైపు చూసింది. సూది పరీక్ష, ఛాతీ ఎక్స్‌రే చేయించుకోమని సర్కారు ఆసుపత్రికి రాసిచ్చాడు.

సూది పరీక్ష గురించి చాలామంది భయపడతారు కాబట్టి చెబుతున్నాను. చీమ కుట్టినట్టు ఉంటుందని నేను ఊర్లో చెప్పేదాన్ని. చీమ కుట్టినట్టు ఉండదు. అయినా ఓర్చుకోలేనంతా కాదు, లోపల ఏదో కదిలించినట్టు కొద్ది సేపు ఉండి పోతుంది. నాకు ఎక్కువ కష్టమైంది దానికి ముందు కూర్చున్న మూడు గంటలు. రవణమ్మ తన మోకాళ్ళ చీటీ సంచిలో పెట్టేసుకుని, నా చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని, ఆ మూడు గంటలూ బెంచీ మీద నాతోనే కూర్చుంది. బయటినుంచి ఇడ్లీ తెప్పించి సగం నాకు పెట్టింది. తిరుగు బస్సులో ఒకే ఒక్క మాట చెప్పింది.

“రిపోర్టు రాకముందే బిడ్డకు చెప్పు. వచ్చినాక చెప్తే దాచినట్టు ఉంటాది.”

చెబుతానన్నాను. చెప్పలేదు. రేపు చెబుదామని ఎనిమిది రోజులు గడిపాను.

తొమ్మిదో రోజు నేను పెరట్లో బట్టలు ఉతుకుతుంటే లోపల నా ఫోన్ మోగింది. కీర్తన ఎత్తింది. టీబీ అని తేలిన ప్రతి మనిషి పేరూ ఆ ఊరి ఆశాకు చెప్పి ఇంటికి పంపడం మా దగ్గర పద్ధతి. ఆ పద్ధతి ప్రకారమే కొత్తగా చేరిన ఒక ఉద్యోగి జాబితా చూసి ఫోన్ చేశాడు. ఆశా ఫోనేనా అని అడిగితే అవునంది. అతను గబగబా చదివేశాడట. మీ ఊర్లో కొత్త కేసు ఒకటి ఉంది, పేరు మార్తమ్మ, వయసు నలభై ఏడు, గడ్డల టీబీ, ఈరోజే ఇంటికి వెళ్ళి కలవండి, ఇంట్లో గర్భిణీలు చిన్నపిల్లలు ఎవరన్నా ఉంటే రాసుకోండి.

కీర్తన ఫోన్ పట్టుకుని పెరట్లోకి వచ్చి, ఆ మాటలన్నీ ఒక్కటి కూడా పోకుండా నాకు అప్పజెప్పింది. నా చేతులకు సబ్బు నురగ ఉంది. కడుక్కోవాలని కూడా తోచలేదు. ఆ తర్వాత అది ఫోన్‌లో మా ఇంటి సర్వే తీసి, నా పేరు దగ్గర ఆగి, స్క్రీన్ నా ముఖం ముందు పెట్టింది.

“ఊరినంతా అడగతావే అమా నువ్వు. నిన్నడిగేదానికి ఎవురూ లేరని ఇట్టా రాసుకున్నావా?”

గడ్డల టీబీ గాలితో అంటదు, నీకూ బిడ్డకూ ఏం కాదు అని చెప్పాను. అది నిజం. నా నోటి నుంచి అంత చవగ్గా వినిపించిన నిజం ఇంకోటి లేదు.

“అంటదని నీకు తెలిస్తే ఎందుకు దాచినావు? దాచినావంటే అంటతాదనేగా?”

ఏసురత్నం సాయంత్రం పనినుంచి వచ్చేసరికి కీర్తన సంచి సర్దుకుని కూర్చుంది. ఆయన మధ్యలో పడి ఏదో చెప్పబోయాడు. నాయనా, నువ్వు సున్నం పూసినప్పుడన్నా నాకు చెప్పొచ్చు గదా అంది. మర్నాడు ముగ్గురం ఆత్మకూరు దాకా ఒకే బస్సులో వెళ్ళాం. నాకు అక్కడ ఎక్స్‌రే రిపోర్టు తీసుకుని మందులు మొదలుపెట్టాల్సి ఉంది. బస్టాండులో కీర్తన నెల్లూరు బస్సెక్కి సంగం వెళ్ళిపోయింది. ఏసురత్నం దాన్ని దించి రావడానికి కూడా వెళ్ళాడు. నేను ఆసుపత్రి వైపు నడిచాను. ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయని, కళ్ళె పరీక్షలో కూడా ఏమీ లేదని, నావల్ల ఎవరికీ ప్రమాదం లేదని అక్కడ చెప్పారు. వినడానికి పక్కన ఎవరూ లేరు.

ఫిబ్రవరి, మార్చి

మందుల మొదటి నెల వికారంతోనే గడిచింది. మూత్రం నారింజ రంగులో వస్తుంది, కంగారుపడొద్దు. అన్నం సయించదు, అయినా తినాలి. ఖాళీ కడుపుతో మింగి తల తిరిగి పడిపోకుండా రవణమ్మ ఒక ఏర్పాటు చేసింది. రోజూ పొద్దున ఏడు గంటలకు తన ఇంటికి వచ్చి తన కళ్ళముందే మింగమంది. మొదటి రోజు నేను అలవాటు కొద్దీ పెరటి గుమ్మం వైపు పోయాను. ఆమె లోపలినుంచి కేకేసి ముందు వాకిలి నుంచి రమ్మంది. వరండాలో కుర్చీ వేయించి, మాత్రలు మింగాక నోరు తెరవమంది. మూడేళ్ళ కిందట నేను ఆమెను అలాగే తెరవమనేదాన్ని. ఆమె ముఖంలో కొంచెం సరదా కనిపించింది, దాన్ని దాచుకోవాలని ఆమె ప్రయత్నించలేదు. వీధిలో పోయేవాళ్ళు చూశారు. వారం తిరిగేసరికి ఊరంతటికీ తెలిసింది.

ఏఎన్ఎమ్ మేడం దగ్గరికి వెళ్ళి, సర్వేలో తప్పు రాశానని నేనే చెప్పాను. చాలాసేపు తిట్టింది. ఫోన్‌లో మార్చడానికి వీలుకాదని, కాగితం రిజిస్టర్‌లో ఎర్రసిరాతో రాసుకుని, మళ్ళీ విడతలో సరిచేయమంది. రెండు ఇళ్ళలో నేను బిడ్డను తూకం వేస్తానంటే వద్దన్నారు. నాకు కోపం రాలేదు. అంటదని వాళ్ళకు చెప్పాను. ఈసారి చెప్పేటప్పుడు ముసుగు లేకుండా చెప్పాను.

ఫిబ్రవరి మొదటి వారంలో కీర్తనకు ఆత్మకూరు ఆసుపత్రిలో ఆడబిడ్డ పుట్టింది. ఏసురత్నంతో కలిసి వెళ్ళాను. మాస్కు పెట్టుకున్నాను, అవసరం లేకపోయినా. వార్డు గుమ్మం దగ్గర నిలబడ్డాను. కీర్తన నన్ను చూసింది. రావద్దనలేదు, రమ్మనలేదు. బిడ్డ దాని అత్తగారి చేతుల్లో ఉంది. తల నిండా జుట్టు. గుప్పిట్లో ఆమె కొంగు పట్టుకుని ఉంది. ఏసురత్నం లోపలికెళ్ళి ఎత్తుకున్నాడు. అంత దుఃఖం నాకు సూది గుచ్చినప్పుడు గానీ, జబ్బు పేరు తెలిసిన రోజు గానీ రాలేదు. పదమూడేళ్ళలో ఈ చేతుల మీదుగా ఎందరు బిడ్డలను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చానో. కాసేపు ఉండి, తెచ్చిన బాలింత కారం డబ్బా ఆయాకిచ్చి లోపల ఇవ్వమని చెప్పి వచ్చేశాను.

మార్చిలో, ఈస్టర్‌కు ముందొచ్చే శ్రమల దినాలు మొదలైన వారం, తగ్గుతున్న గడ్డ ఉన్నట్టుండి మళ్ళీ ఉబ్బింది. పైగా నొప్పి. మందులు పనిచేయడం లేదనుకున్నాను, ఇంతటితో అయిపోయిందనుకున్నాను. కాపడం పెడతానని ఏసురత్నం పెనం కూడా తీశాడు. మూలన పెట్టమన్నాను. ఈసారి ఒక్కరోజు కూడా ఆలస్యం చేయకుండా ఆత్మకూరు వెళ్ళాను. మందులకు రోగం చస్తున్నప్పుడు కూడా గడ్డ ఒక్కోసారి ఇలా లేస్తుందని, ఉబ్బడం వేరు ముదరడం వేరని, జనవరిలో చూసిన ఆ చిన్న డాక్టరే చెప్పాడు. మందు మానేస్తేనే ప్రమాదం అన్నాడు. మీలో ఎవరికన్నా ఇలా జరిగితే బెదిరి మానేయకండి, పిసకకండి, మీకు మీరే నిర్ణయించుకోకండి. వెళ్ళి చూపించండి. ఈ నాలుగు మాటలు చెప్పడానికే ఇంత రాశానేమో. ఈసారి మీరేం చేస్తుంటారని ఆయన మళ్ళీ అడగలేదు గానీ, నేనే చెప్పాను. ఆయన పెన్ను పక్కన పెట్టి నవ్వాడు.

ఈస్టర్ తర్వాత

ఈస్టర్ అయిన రెండో వారం పొద్దున, రవణమ్మ ఇంటినుంచి తిరిగొచ్చేసరికి మా వాకిట్లో ఆటో ఆగి ఉంది. కీర్తన బిడ్డను భుజాన వేసుకుని మంచం మీద కూర్చుని ఉంది. వస్తున్నట్టు కబురు లేదు. ఏసురత్నం అప్పటికే పనికి వెళ్ళిపోయాడు. నేను గడప దగ్గరే ఆగిపోయాను. కాఫీ పెట్టనా అని అడిగాను. తాగొచ్చానంది. అత్తగారు బాగున్నారా అన్నాను. బాగుందంది. బిడ్డ నిద్రలో ఏదో అనుకుని మళ్ళీ సర్దుకుంది.

కాసేపటికి కీర్తనే మొదలుపెట్టింది, నా వైపు చూడకుండా.

“మా సంగం ఆశా పోయిన వారం సర్వేకి వచ్చినాది. మీ అమ్మోళ్ళింట్లో ఎవురికన్నా టీబీ ఉండాదా అని అడిగింది. అత్త పక్కనే ఉండాది.”

బిడ్డ తల మీది గుడ్డ సర్దింది.

“లేదన్నాను అమా. తలుచుకోకుండానే వచ్చేసినాది నోట్లోంచి.”

ఆ ఆశా వెళ్ళిపోయాక రెండు రోజులు తను అన్నం సరిగా తినలేదట. మూడో రోజు తనే ఆ ఆశా ఇంటికి నడుచుకుంటూ వెళ్ళి, ఉందని చెప్పి, గడ్డల టీబీ పసిబిడ్డకు అంటుతుందా అని అడిగిందట. ఆ ఆశా, నాకు ముఖం కూడా తెలియని మనిషి, నేను ఊర్లో వంద సార్లు చెప్పిన మాటే చెప్పిందట. ఆమె చెబితే నమ్మబుద్ధయిందంది. నాకు కొంచెం కష్టంగా అనిపించింది. ఎక్కువ తేలిగ్గా అనిపించింది.

రెండో విడత సర్వే మాకు కూడా వచ్చిందా అని అడిగింది. వచ్చింది, రేపటినుంచి మొదలుపెట్టాలన్నాను. ఇప్పుడే చేద్దాం, ఫోన్ ఇవ్వమంది. బిడ్డను ఒక చేత్తో పట్టుకుని, ఇంకో చేత్తో ఫోన్‌లో మా ఇల్లు తెరిచింది. నన్ను ఎదురుగా పీట మీద కూర్చోమంది. కూర్చున్నాను. నేను వీధిలో అడిగేటట్టే అడిగింది, అదే వరస, అదే గొంతు. ఎప్పుడు నేర్చుకుందో తెలియదు.

దగ్గు. లేదు. జ్వరం. ఇప్పుడు లేదు, పోయినసారి ఉండింది అన్నాను. ఇప్పటి సంగతే చెప్పమంది. బరువు. తగ్గి మళ్ళీ పెరిగాను. ఫోన్‌లో అలాంటి జవాబు లేదంది. ఇలా ఉంటుంది జనాల పని అని నాకు మొదటిసారి అర్థమైంది, రెండు అక్షరాల్లో ఇమడని సంగతి ఎంతమంది నా ముందు మింగేశారో.

“మెడ దగ్గర గడ్డ?”

“చింతగింజంత ఉండాది. తగ్గతా ఉండాది.”

“ఉండాదా, లేదా?”

“ఉండాది.”

నొక్కింది. ఆ తర్వాత కుటుంబంలో కొత్త మనిషిని చేర్చే చోటికి వెళ్ళింది. బిడ్డ లెక్కకు సంగం ఇంట్లో ఉంటుంది, ఇక్కడ చేర్చకూడదు. ఆ మాట చెబుదామని నోటిదాకా వచ్చింది, ఊరుకున్నాను. పేరు, వయసు కొట్టాలంటే దానికి రెండు చేతులూ కావాలి. ఒకసారి బిడ్డను చూసింది, ఒకసారి నన్ను చూసింది.

“ఇంద, పట్టుకో. తల కింద చెయ్యి పెట్టు.”

పదమూడేళ్ళుగా ఊర్లో తల్లులందరికీ నేను చెప్పే మాటే అది. తల కింద చెయ్యి పెట్టాను.